మూల నుంచి మూడడుగులు

పెనుకొండ వాస్తాయన పోయాడని నాయన ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో కడుతున్న ఒక ఇంటి స్లాబు మీద నిలబడి కమ్మీలు కట్టేవాళ్లతో గొడవ పడుతున్నాను. పిల్లర్లకు చుట్టే రింగుల కొసలు లోపలికి వంచమని నేను, అట్లా వంచితే చేతులు పడిపోతాయని వాళ్లు. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాను. నా మొహం చూసి మేస్త్రీయే దిగొచ్చాడు. "వంచుతాం లే మేడమ్, దీనికి ఏడ్చేదెందుకు?" అన్నాడు. రింగుల కోసం ఏడుస్తున్నాననుకున్నాడు పాపం. నేనూ కాదనలేదు. ఆయన బతికుంటే ఈ ముచ్చట విని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నేను చదివింది భూకంప ఇంజనీరింగులో ఎం.టెక్. వాస్తు చెప్పే మనిషి కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నానంటే నా క్లాసువాళ్లు నమ్మరు. ఆయన్ను చూడకముందైతే నేనూ నమ్మేదాన్ని కాదు.

హిందూపురం పిల్ల భూకంపాలు చదవడానికి ఉత్తరాదికి పోవడమే మా వీధిలో పెద్ద వింత. "మనకాడికి వానే రాదు, భూకంపం యాడొస్తాది?" అని ఎదురింటి పెద్దమ్మ నవ్వింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. భూకంపాల పటంలో మా సీమకు వేసింది అన్నిటికంటే తక్కువ భయపడాల్సిన రంగు. కానీ ఒకరోజు క్లాసులో కొండ ఊళ్లలో కూలిన ఇళ్ల ఫొటోలు చూపిస్తుంటే నాకు ఒళ్లు జల్లుమంది. అవి రాతిగోడలు. బయటివైపు ఒక వరుస రాళ్లు, లోపలివైపు ఒక వరుస, మధ్యలో మట్టీ గులకరాళ్లూ. భూమి ఊగినప్పుడు ఆ రెండు వరుసల్లో దేని దారిన అది పోయింది. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో నేను చిన్నప్పటి నుంచి చూసిన మిద్దె ఇళ్ల గోడలు అచ్చం అట్లాంటివే. అట్లాంటి గోడ కూలడానికి భూకంపమే రానక్కర్లేదు, నాలుగు రోజులు ముసురు పట్టినా చాలు.

మన గోడల మీదే థీసిస్ చేస్తానన్నాను. మా గైడు సరేనన్నాడు, ఒక షరతు పెట్టి. రెండు వరుసలనూ కలిపి పట్టుకోవాలంటే గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పోయే పొడుగు రాళ్లు అక్కడక్కడ అడ్డంగా పడాలి. మా పల్లెల్లో వాటిని వేశారా లేదా? అది ఊహించి రాయకూడదు, గోడ తెరిచి చూసి రాయాలి.

ఇంకేం, వేసవి సెలవుల్లో బ్యాగు తగిలించుకుని స్కూటీ మీద ఊళ్లమీద పడ్డాను. నీళ్లు ఇచ్చారు, చెనిక్కాయలు పెట్టారు, పెళ్లెప్పుడని అడిగారు. గోడలో నాలుగు రాళ్లు తీసి చూసి మళ్లీ పెట్టిస్తానంటే మాత్రం తలుపులు మూశారు. ఒక అవ్వ అయితే చీపురు పట్టుకుని లేచింది. "భూకంపం యాడొచ్చింది మాకు? నువ్వొచ్చి గోడ పీకితే అదే భూకంపం!"

మా నాయన ముప్పై ఏళ్లు హిందూపురం, ధర్మవరం రూట్లో బస్సు కండక్టరు. ఆ దారిలో ఎవరు ఎక్కడ దిగుతారో, ఎందుకు దిగుతారో ఆయనకు తెలుసు. రెండు వారాలు నా అవస్థ చూసి, "నువ్వడిగితే రాయి కూడా తీయనీరు. పెనుకొండలో వాస్తు చెప్పే ఆయప్ప ఒకడుండాడు. ఆయప్ప చెప్తే గోడే తీసేస్తారు. ఆయప్ప ఎనకంబడి పో," అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు. మూడో రోజు పెనుకొండ పోయాను.

అరవై దాటిన మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కాళ్లకు మాత్రం బడిపిల్లలు ఆటల పీరియడ్‌కు వేసుకునే గుడ్డ బూట్లు. ఇళ్ల వెనక కంపల్లో తిరగాలి కదా, అనేవాడు. మోపెడ్‌కు తగిలించిన సంచిలో టేపు, దిక్సూచి, వేయించిన చెనిక్కాయలు. ఫోన్లో దిక్సూచి ఉంటుందని చెబితే నమ్మలేదు. "దానికి టవర్ యాడుంటే అదే ఉత్తరం," అన్నాడు.

నాకేం కావాలో ఓపిగ్గా విన్నాడు.

"అంటే నేను తెరిపిస్తా, నువ్వు లోపల చూస్తావు. అంతేనా?"

"అంతే సార్."

"నువ్వు నమ్మవు గదా వాస్తు?"

దాచి లాభం లేదనిపించింది. "నమ్మను," అన్నాను.

"మంచిదాయె. పొద్దన లేస్తే నమ్మేవాళ్లతోనే సరిపోతాండాది నాకు. నమ్మని మనిషి ఒకరు పక్కనుంటే రోంత గాలాడతాది."

ఆ వేసవంతా ఆయన మోపెడ్ ముందు, నా స్కూటీ వెనక. ఏ ఇంటికి పోయినా నేరుగా లోపలికి పోడు. చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ప్రతి మూల దగ్గరా ఆగి, బూటు కొనతో గోడను చిన్నగా తడతాడు. తర్వాత అరుగు మీద కూర్చుని మజ్జిగ అడుగుతాడు. కాఫీ ఇస్తే తాగడు. ఇక అరగంట గోడల ఊసే ఉండదు. ఎవరికి జ్వరం, ఎవరికి సంబంధం కుదరలేదు, అన్నదమ్ములు ఎప్పటి నుంచి మాట్లాడుకోవడం లేదు, ఇవే మాటలు. ఆఖరున కళ్లు మూసుకుని "భయపడాకండి," అంటాడు. అంతదాకా భయపడనివాళ్లు కూడా అక్కడ భయపడతారు. పగలగొట్టమని ఏ రోజూ అనడు. "ఈ మూల తెరవండి" అంటాడు. మర్నాటికి అక్కడ గడ్డపార పడుతుంది, పక్కన నేను కెమెరా పట్టుకుని కూర్చుంటాను.

అన్నిసార్లూ నోరు మూసుకుని ఉన్నానని కాదు. ఒక ఇంట్లో దక్షిణం కిటికీ మూయించాడు. దారిలో స్కూటీ అడ్డం పెట్టి, "ఆ గదిలో ఉబ్బసం మనిషి పడుకుంటాడు, మీకు కనపడలేదా?" అని అరిచాను. ఆయన మోపెడ్ పక్కనుంచి తిప్పుకుని పోయాడు. పొద్దున్నే ఒక్కడే పోయి పడమటివైపు ఇంకో కిటికీ పెట్టించి వచ్చాడంట, నాకు వారం తర్వాత తెలిసింది. అట్లాంటివి చెప్పుకోడు. "గోడ బాగలేదని నన్నెవరూ పిలవరు ఇంజనీరమ్మా. ఇంట్లో మనిషి బాగలేనప్పుడు పిలుస్తారు," అని మాత్రం ఒకసారి అన్నాడు.

అసలు సంగతి ధర్మవరంలో జరిగింది. ఒక మగ్గం ఇంట్లో ఈశాన్యం మూలకు ఆనించి గోడ కోసి వాకిలి తెరవమని చెప్పడానికి ఆయన సిద్ధమవుతున్నాడు. అది ఆయన ఎక్కువగా చెప్పే సలహా. నాకు అప్పటికే కొన్ని గోడలు చూసిన ధైర్యం వచ్చింది. అక్కడ చీరలు పెట్టే అట్టపెట్టె ఖాళీది ఒకటి కనపడితే తీసుకుని, ఆయన ముందు కూర్చున్నాను. పక్కల్ని చేత్తో నొక్కి చూపించాను, కదల్లేదు. తర్వాత కత్తెరతో ఒక్క మూల కోసి మళ్లీ నొక్కాను. ఆ పక్క బయటికి పడిపోయింది.

"గోడను నిలబెట్టేది మూల సార్. ఇటు గోడ, అటు గోడ ఒకదాన్నొకటి పట్టుకునేది అక్కడే. మూలకు ఆనించి వాకిలి పెడితే ఆ పట్టు పోతుంది. కనీసం మూడడుగులు వదలాలి."

ఆయన పెట్టె తీసుకుని, పడిపోయిన పక్కను లేపి పెట్టాడు. మళ్లీ పడింది. మళ్లీ లేపాడు.

"భూకంపం వస్తేనే గదా?"

"వానకు కూడా."

ఆ రోజు ఆ ఇంట్లో ఏ మూలా తెరవమని చెప్పలేదు. మజ్జిగ కూడా తాగకుండా లేచాడు. బయట మోపెడ్ దగ్గర నిలబడి వేళ్ల మీద ఏవో ఊళ్ల పేర్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక చేయి అయిపోయి రెండో చేతికి వచ్చాడు. అప్పుడు తలెత్తి, "చెన్నేకొత్తపల్లి పక్కన ఒక పల్లె ఉండాది. ఆడికి పోదాం రా," అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

అది గొర్రెలు మేపుకునే వాళ్ల ఇల్లు. రాతిగోడలు, పైన మట్టి మిద్దె. ఇంటాయన మందతో పోయాడు, ఇంటామె ఉంది. ఆమె కూతురు కూలికి పోతూ మూడేళ్ల పాపను అమ్మమ్మ దగ్గర వదిలిపోతుంది. ఈశాన్యం మూలకు జానెడు దూరంలో వాకిలి. నాలుగేళ్ల కింద ఆయన చెప్పి పెట్టించిందే. వాకిలి పైనుంచి మిద్దె దాకా పగులు. దాని పక్కన గోడకు పొట్ట వచ్చింది. ఆ పొట్టకు ఇవతల, గోడకు ఆనించిన నులక మంచం మీద పాప నిద్రపోతోంది. వానలు ఇక ఏ రోజైనా పడేటట్టున్నాయి.

ఆయన చుట్టూ తిరగలేదు. పగులు దగ్గరే నిలబడిపోయాడు.

నేను ఆయన్ను పక్కకు లాగాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, నేనన్న మాట ఇది: "దోషమని చెప్పండి సార్. మీరొక్క మాట అంటే రేపటికి ఆ వాకిలి మూసేస్తుంది. నేను ఎంత చెప్పినా వినదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వా ఈ మాట అనేది?"

"పాప పడుకుని ఉంది సార్ అక్కడ."

"చూసినా. దోషమంటే ఈమొక్కతే మూసుకుంటాది. గోడ నిలబడదని చెప్తే ఊర్లో ప్రతి ఒక్కరూ పోయి ఎవరి మూల వాళ్లు చూసుకుంటారు. ఈ ఒక్క పల్లెలోనే నాలుగిండ్లు తెరిపించినా నేను."

పోయి అరుగు మీద కూర్చున్నాడు. వాస్తాయన వచ్చాడని అప్పటికే పదిమంది చేరారు. ఆయన కళ్లు మూసుకోలేదు.

"అమ్మా, ఇది భయపడాల్సిన సంగతే," అని మొదలుపెట్టాడు. "ఆ వాకిలి ఆడ పెట్టమన్నది నేను. తప్పు చెప్పినా. మూలకు వాకిలి పెడితే గోడకు పట్టు పోతాదని నాకు తెలీదు. ఈ ఇంజనీరమ్మ చదువుకున్నది, ఈమె చూపించినాక తెలిసింది. ఆ గోడ పడిపోతాది తల్లీ. వాన పడకముందే మూసేసి, మూడడుగులు ఇవతలికి పెట్టుకోండి."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం చూడలేకపోయాను.

"ఏం మాట సామీ ఇది? ఎనిమిదేండ్లు నా బిడ్డ మొక్కని దేవుడు లేడు. ఈ వాకిలి పెట్టినాకనే గదా కాన్పయింది! ఇప్పుడు మూసేస్తే ఆ పిల్లకేమన్నా అయితే?"

"ఆ పిల్ల వాకిట్లోంచి రాలేదు తల్లీ. నీ బిడ్డ కడుపులోంచి వచ్చింది. అది నీ బిడ్డ పడిన కష్టం, నా గొప్ప కాదు."

వెనక నుంచి ఒకాయన, "అట్లయితే ఇన్ని దినాలూ నువ్వు మాకు చెప్పిందంతా ఉత్తదేనా సామీ?" అన్నాడు. కొందరు నవ్వారు.

"ఉత్తదో కాదో నాకూ తెలీదప్పా. మా నాయన నాకు చెప్పింది నేను మీకు చెప్పినా. గోడ సంగతి మాత్రం ఇప్పుడు కండ్లారా చూస్తాండా. మీరూ పోయి మీ మూలలు చూసుకోండి."

ఇంటామె ఇంకోసారి తన గడప తొక్కొద్దంది. మేం లేచి వచ్చేశాం. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో ఆయన మాటే శాసనం. ఆ మాటను ఆయనే పదిమందిలో కింద పడేసుకుని వచ్చాడు. నాకు ఆయన మొహంలోకి చూసే ధైర్యం లేదు. పెనుకొండ చేరాక, "రేపు పొద్దన్నే వచ్చేయ్, మళ్లీ పోదాం," అన్నాడు.

నాలుగు రోజులు వరసగా పోయాం. మొదటి రెండు రోజులు వీధిలోనే నిలబెట్టింది. మూడో రోజు చెంబుతో నీళ్లు తెచ్చి, మాట్లాడకుండా అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. పాప మంచం వంటింటి వైపుకు జరిగి ఉండడం చూసి ఆయన నా మోచేతిని పొడిచాడు. నాలుగో రోజు ఇంటాయన గొర్రెలు తోలుకుని వచ్చి ఉన్నాడు. మేం చెప్పేది ఏదీ వినకుండా నేరుగా పగులు దగ్గరికి పోయి చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా పోయింది. "నాలుగు నెలల కింద వేలు పట్టేది," అన్నాడు పెళ్లాంతో. అంతే. మర్నాడు మేస్త్రీని పిలిపించారు.

మిద్దెకు కింద మొద్దులు నిలబెట్టి, పైనుంచి ఒక్కొక్క వరుసా తీయించాను. మూడో వరుస రాయి కదిలించగానే బయటి మొహం మొత్తం వీధిలోకి జారి కుప్పగా పడింది. కింద ఎవరూ లేరు. లోపలి వరుస మాత్రం అట్లాగే నిలబడి ఉంది. దుమ్ము తగ్గాక చూస్తే రెండింటి మధ్యా మట్టి, గులకరాళ్లు. మూల నుంచి ఈ చివర దాకా ఒక్కటంటే ఒక్క పొడుగు రాయి లేదు. నేను అంతకాలం వెతుకుతున్న ఫొటో అదే.

ఇంటామె పాపను చంకనెత్తుకుని ఆ కుప్పను చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక్క గుక్కలో తాగి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఆమె నవ్వేసింది. పొడుగు రాళ్లు వెతికి తెప్పించి, అడ్డంగా వేయించి, మూల కట్టించి, వాకిలి మూడడుగులు ఇవతల పెట్టించి, పైన చుట్టూ కాంక్రీటు బెల్టు పోయించాం. వారానికి వాన పట్టింది. ఆ ఏడాది మూడు రోజులు ఆగకుండా కురిసింది. ఇల్లు చెక్కు చెదరలేదు.

తర్వాత కొన్ని నెలలు ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఫోన్ చేసి ఎట్లా ఉన్నారంటే, "మా ఇంటి వాస్తు చూసుకుంటాండా, ఇన్ని దినాలకు తీరింది," అనేవాడు. ఆ తీరిక ఆయనకు నా వల్ల వచ్చిందే. ఆ మాట అంటే మండిపడేవాడు. తర్వాత మెల్లగా పిలుపులు మొదలయ్యాయి. ఈసారి సంచిలో ఒక వస్తువు పెరిగింది. ధర్మవరం నుంచి ఖాళీ చీరపెట్టెలు తెప్పించుకుని పోయిన ప్రతి ఇంట్లో ఒక మూల కోసి చూపించేవాడు. అన్ని ఊళ్ల వాళ్లూ ఆ పెట్టెను లేపి పెట్టి చూసేవాళ్లు. తాను ఊరూరా తెరిపించిన మూలలన్నిటినీ తిరిగి కట్టించాడు. చివరిది రొళ్ల వైపు ఎక్కడో ఉంటే, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి పోయి వచ్చాడు.

థీసిస్ వైవాలో ఇన్ని గోడలు ఎవరు తెరవనిచ్చారని అడిగారు. వాస్తు చెప్పే ఆయన అన్నాను. ఇద్దరు నవ్వారు. జరిగింది చెప్పాను. నవ్వు ఆగిపోయి, ప్రశ్నలు మొదలయ్యాయి. అవి నా గురించి కావు, ఆయన గురించి. పట్టా వచ్చాక పుస్తకం తీసుకుపోయి చూపించాను. ఇంగ్లీషు రాదు కాబట్టి బొమ్మల కోసం పేజీలు తిప్పి, ఆ పల్లె గోడ ఫొటో దగ్గర ఆగాడు.

"నా తప్పును ఇంత లావు పుస్తకంలో ఎక్కించినావు గదమ్మా!"

నేను పుస్తకం మూయబోయాను.

"పోనీలే. దాచిపెడితే ఇంకెవరి మీదన్నా పడేది," అన్నాడు. పుస్తకాన్ని కళ్లకద్దుకుని ఇచ్చాడు.

ఆయన దినానికి పెనుకొండ పోయాను. అన్నాలయ్యాక చేయి కడుక్కుంటుంటే ఆ గొర్రెల ఇంటామె వచ్చి పక్కన నిలబడింది. పాప బడికి పోతోందంట. చాలాసేపు ఆయన మాటలే చెప్పుకున్నాం. చివరికి అసలు మాటకు వచ్చింది.

"బిడ్డకు పక్కనే ఒక రూము కట్టిస్తాండామమ్మా. వాకిలి సంగతి సామిని అడగాలనుకుంటిమి. ఇంతలో ఇట్లాయె. నువ్వన్నా చెప్పు."

నేను హుషారుగా బ్యాగులోంచి కాగితం తీసి గది గీసి, మూల నుంచి ఎంత వదలాలో గుర్తు పెట్టాను. ఆమె కాగితం వైపు చూడనే లేదు.

"అది నాకు తెలుసులేమ్మా. మూల కాడ మూడడుగులు నేనే కొలిచి పెట్టినా. పొడుగు రాళ్లు కూడా తెప్పించినాం. మేస్త్రీ ఎందుకని అడిగితే వానికీ నేనే చెప్పినా."

"మరి ఇంకేం అడగాలి?"

"మంచిదేనా అని." ఆమె నా చేతిలోని కాగితాన్ని పక్కకు జరిపింది. "నా బిడ్డ, ఆ పిల్ల ఆ ఇంట్లో బతకాల గదా. సామి ఉంటే అడిగేదాన్ని."

ఆరేళ్ల చదువులో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కాగితం మడిచి లోపల పెట్టేశాను. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. మూల కట్టుకుంది, రాళ్లు వేయించుకుంది, తనంతట తానే కొలుచుకుంది. ఆ గోడ నిలబడుతుంది. నేను అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

"మంచిదమ్మా," అన్నాను. "శానా మంచిది."